నాయిన ఎత్తిన హద్దురాయి

నేను డిగ్రీ పాసైన.

మా తాత ఇండ్ల గానీ, మా నాయిన పుట్టిన రాజోలి ఇండ్ల గానీ ఇప్పటిదాంక డిగ్రీ సదివినోళ్ళు లేరు. నేనే మొదటిదాన్ని. ఈ ముచ్చట ఊరంత చెప్పిన. ఆడోళ్ళకు జీరో టికెట్ కొట్టిచ్చే కండక్టరుకు చెప్పిన. బస్సుల పక్క సీటామెకు చెప్పిన. ఆమె నన్ను కిందికి మీదికి సూసి, "ఏం నౌకరి వస్తది మరి?" అన్నది. "నౌకరి ముచ్చట ఎనక సూద్దాం పెద్దమ్మా, ముందుగాల్ల పాసైన గదా" అన్న. ఆమె నవ్వి సంచిలకెల్లి ఉడకబెట్టిన బుడ్డలు, అంటె పల్లికాయలు తీసి దోసెడు పెట్టింది. గంతకంటె ఇంకేం గావాలె!

ఇయ్యాల వనపర్తి పోయి కాలేజీల సర్టిఫికెట్ తెచ్చుకున్న. నాయిన గూడ వచ్చిండు. పెండ్లిండ్లకు ఏసుకునే తెల్లంగి ఏసుకున్నడు. కాలేజి గేటు కాడ చెప్పులు ఇడుస్తుంటే, "నాయినా, ఇది గుడి గాదు, ఏసుకో" అన్న. "నాకేం ఎరుక బిడ్డా, నేనెప్పుడన్న వచ్చిన్నా" అని మళ్ళ తొడుక్కున్నడు. లోపల సారు నా పేరు, నాయిన పేరు సదివి, అన్ని సక్కగున్నయా సూస్కో అన్నడు. అన్ని సక్కగనే ఉన్నయి.

ఇంటికొచ్చి ఈ సంతోషమంత రాద్దామని కూసున్న. పాసైన ముచ్చట నాలుగు మాటలల్ల అయిపోయింది. దాని ఎనక ఉన్న ముచ్చటే ఒడుస్తలేదు.

మా నాయిన ఇల్లరికపు అల్లుడు.

మాది ఇటిక్యాల దిక్కు చిన్న ఊరు. మా తాతకు, అంటె మా అమ్మ నాయినకు, కొడుకులు లేరు. ఇద్దరు బిడ్డలు. పెద్దది మా అమ్మ, చిన్నది మా చిన్నమ్మ. ఎవుసం సూసుకునే మగోడు లేడని రాజోలి నుంచి మా నాయినను తెచ్చుకున్నడు. నాయినకు అక్కడ అన్నదమ్ములు చానమంది. అప్పుడు ఊరి పెద్దమనుషులు మా అరుగు మీద కూసున్నరంట. తమలపాకులు పట్టుకోని తాత అందరి ముంగట, "నా ఇంటికి కొడుకు లెక్క వస్తుండు. నా ఎనక నా చెల్క ఈ అల్లునిదే, నాకు తలకొరివి పెట్టుడు గూడ ఇతనిదే" అన్నడంట. గంతే. కాగితం లేదు, సంతకం లేదు. ఆ కాలంల ఎవరు రాసుకున్నరు? చిన్నమ్మ అప్పుడు లంగా ఏసుకొని ఆడుకునే పిల్ల. ఆ మాట ఇనపడెటంత దూరంలనే ఉన్నది గని, ఆమెను అడిగినోళ్ళు లేరు.

ఇల్లరికం పోయినోనికి పుట్టినింట్ల భాగం ఉండదు. మా దిక్కు గదే మాట. రెండిండ్ల కూడు ఒక్కడే తినొద్దంటరు. గందుకే రాజోలిల అన్నదమ్ములు భూమి పంచుకున్నప్పుడు నాయిన తనంతట తనే పోయి నాకేమొద్దని సంతకం పెట్టొచ్చిండు. ఎవరు బలవంతం జెయ్యలె. ఒదినె కోడిని కోసి పెట్టిందని, ఇప్పటికీ ఆ కూర ముచ్చట చెప్తడు.

నేను చిన్నగున్నప్పుడు బడిల పోరగాండ్లు, "మీ ఇంటికి కోడలు రాలేదంట గదనే, మీ నాయిననే కోడలు లెక్క వచ్చిండంట" అని ఎక్కిరిస్తుండ్రి. ఏడ్సుకుంట వచ్చి నాయినకు చెప్తే ఆయన పడిపడి నవ్విండు. "నిజమేనే బిడ్డా, నేనే కోడల్ని. గందుకే మీ తాత పొద్దుగాల నా చేతి చాయ తాగనిది మంచం దిగడు."

మాదంత ఎర్రచెల్క. మట్టి కంటె రాళ్ళే ఎక్కువ. ఎండకాలమొస్తె నాయిన గంప పట్టుకోని రాళ్ళు ఏరుతుండె. ఏరిన రాళ్ళన్ని పడమటి గెట్టు కాడ కుప్పేసిండు. నేను పుట్టకముందు మోకాలెత్తు ఉండెనంట. నాకు బుద్ధి తెలిసేటప్పటికి అది చిన్న గుట్టయింది. మా ఊర్ల దాన్ని అల్లుని గుట్ట అనేటోళ్ళు. మేకల పిల్లలు ఎక్కి ఆడుతుండె. బాయి గూడ నాయిన తవ్విందే. తాత ఒడ్డు మీద నిలబడి తట్టలు గుంజుతుంటే, నాయిన అడుగున గడ్డపారతోని కొట్టిండు. నీళ్ళు పడ్డనాడు అల్లుడు పైకొస్తుంటే బురదల ఎవరో గుర్తుపట్టలేదని తాత చెప్పి నవ్వుతుండె. ఆ బాయి నీళ్ళతోనే కంపెనీకి ఇత్తనాల కోసం ఏసే సీడు పత్తి పండింది, చిన్నమ్మ పెండ్లయింది, నా హాస్టలు నడిచింది.

మరి తాత బతికున్నప్పుడే భూమి నాయిన పేరు మీద ఎందుకు రాయలె? నేను గూడ గిదే అడిగిన. మా దిక్కు ఇల్లరికం భూమి మామ పేరు మీదనే ఉండాలె. అల్లుని చేతికి పట్టా ఇస్తె బిడ్డను ఇడిసిపెట్టి పోతడేమోనని భయం. పేరు మామది ఉంటె అల్లుని కాళ్ళు కట్టేసినట్టు. నాయిన గూడ నోరు తెరిచి అడగలె. అడిగితే మామ సావు కోసం ఎదురు సూసినట్టు ఉంటదని. తాత మంచాన పడ్డ ఎనక ఒకనాడు ఆయనే అన్నడు: "అల్లుడా, రేపు ఆటో మాట్లాడు. మండలాఫీసుకు పోయి రాసేద్దాం."

నాయిన గంజి తాగిపిస్తుండె. "ముందుగాల్ల లేసి కూసో మామా. ఆఫీసు యాడికి పోతది" అన్నడు.

ఆఫీసు యాడికి పోలె. తాతనే పోయిండు.

తలకొరివి నాయిననే పెట్టిండు. గుండు గీయించుకోని, తడిగుడ్డల కుండ ఎత్తుకోని ముంగట నడుస్తుంటే ఊరోళ్ళంత, కొడుకున్నా గింత సక్కగ చెయ్యడు అన్నరు. అప్పుడు ఎవరికీ అనుమానం లేదు. మాకు గూడ లేదు.

సచ్చిపోయినోళ్ళ భూమి వారసుల పేరు మీదికి ఎక్కించుడును ఫౌతి అంటరు. దాని కోసం నాయిన ఆఫీసుకు పోతె, "నువ్వేమైతవు?" అని అడిగిన్రంట. "అల్లున్ని సార్, ఇల్లరికం." "అల్లుని ముచ్చట కాదు పెద్దాయనా, ఆయనకు పిల్లలెందరు?" "ఇద్దరు బిడ్డలు." "ఇద్దరు రావాలె. ఇద్దరు ఒప్పుకోవాలె."

నాయిన సంబరంగనే ఇంటికొచ్చిండు. చిన్నమ్మ వచ్చి సంతకం పెడితె అయిపోతదనుకున్నడు. ఎందుకు పెట్టదు? ఆమె పెండ్లి చేసింది నాయిననే. ఆడబిడ్డ పుట్టింటికొస్తె ఒడిబియ్యం పోస్తరు గదా, అన్నదమ్ములు లేరు గాబట్టి చిన్నమ్మ ఒడిల మొదటి దోసిలి ఎప్పుడు నాయినదే. ఆ దోసిలి పోసేటప్పుడు, "జర ఒడి గట్టిగ పట్టుకో మరదలా, నీ మొగడు తిండిపోతు" అని నవ్విస్తుండె.

చిన్నమ్మను ఇచ్చింది మన్ననూర్ దిక్కు. వాళ్ళ చెల్క అడివంచున ఉంటది. పందులు పడి చేను చేనే తొవ్వి పోతయి. కావలి పండి పండి యాష్టకొచ్చి చిన్నాయన పట్నం పోయి అడ్డా మీద నిలబడి కూలికి పోతుండు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది అప్పుడే పది పరీక్షలు రాసింది. ఇదంత మాకు ఎరుకే. ఎరుకున్నా, దాన్ని మా చెల్కతోని కలిపి ఎప్పుడు సూడలె.

వాళ్ళొచ్చిన రోజే నా రిజల్టొచ్చింది.

ఫోన్ల సూసుకోని నేను వాకిట్ల ఎగురుతున్న. నాయిన ఎర్రవల్లి చౌరస్తాకు పోయి డబ్బా నిండ బాలుషాలు తెచ్చిండు. అమ్మ అందరికి పంచుతుంది. చిన్నమ్మ నన్ను కావలిచ్చుకోని, "మా ఇంటి పేరు నిలబెట్టినవు బిడ్డా" అని కండ్లల్ల నీళ్ళు తెచ్చుకున్నది. అరుగు మీద నాయిన, చిన్నాయన, ఇంక ఒక ముసలి పెద్దమనిషి కూసున్నరు. తాత మాటిచ్చిననాడు ఉన్నోళ్ళల్ల మిగిలింది ఆయనొక్కడే. నాయిననే పిలిపిచ్చిండు, మర్యాదకు.

బాలుషా తినుకుంట చిన్నమ్మ మెల్లగ అన్నది. "బావా, రేపు ఆఫీసుకు వస్త. గని సంతకం ఒక్కటే పెట్టి పోను. నా భాగం నాకు కావాలె."

నాయిన నవ్విండు, ఆట పట్టిస్తుందనుకోని. "నీ భాగం ఎప్పుడియ్యలె మరదలా? పోయినసారి బుడ్డల సంచి నీ మొగడే మోసుకపాయె గదా."

"నవ్వకు బావా. నిజంగనే అడుగుతున్న."

పెద్దమనిషికి చెవులు సరిగ ఇనపడవు. చిన్నాయన గట్టిగ అరిచి చెప్పిండు. ఆయన కట్టె నేలకు కొట్టి, "అరుగు మీద మాటిచ్చిన్రు. నేనున్న ఆడ. చెల్క అల్లునిదే" అన్నడు.

"మాట ఏ ఆఫీసుల చెల్లుతది కాకా?" అన్నడు చిన్నాయన.

"మాట చెల్లకుంటే నీ పెండ్లెట్ల చెల్లిందిరా? దానికేమన్న పట్టా ఉన్నదా నీ కాడ?"

అందరు నవ్విన్రు. చిన్నాయన గూడ నవ్విండు. ఆ నవ్వుల ఆ మాట కొట్టుకపోతె బాగుండు అనిపిచ్చింది. పోలె. చిన్నమ్మ నా దిక్కు తిరిగింది.

"బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. ఇయ్యాలనే పాసైనవు. నువ్వే చెప్పు. సర్కారు చట్టంల ఆడబిడ్డలకు ఎట్లుంటది?"

డబ్బా నా చేతులనే ఉన్నది. అమ్మ తలుపు కాడ నిలబడి నన్ను సూస్తుంది. నాయిన గూడ సూస్తుండు, భయం లేకుంట, బిడ్డ ఏదో మంచి మాట చెప్తదన్నట్టు.

"సమానం" అన్న.

"మరి అల్లునికి?" అన్నడు చిన్నాయన.

నేను డబ్బా మూత పెట్టిన. "చెప్పు బిడ్డా" అన్నడు నాయిననే.

"తాత రాసియ్యలె గాబట్టి... అల్లునికి ఏముండదు."

నాయిన నోట్ల బాలుషా ముక్క అట్లనే ఉండె. నమిలి మింగెటానికి చానసేపు పట్టింది. పెద్దమనిషి, "ఏమన్నదిరా? ఏమన్నది?" అని అడుగుతుండు. ఆఖరికి నాయిననే ఆయన చెవి కాడికి ఒంగి, "నిజం చెప్పింది కాకా. అబద్ధం చెప్పెటందుకా నేను సదివిచ్చింది" అన్నడు.

చిన్నమ్మ ఏడుస్తుంది. "నీ లెక్క నా బిడ్డల్ని గూడ సదివిపియ్యాలె గదనే. నాకేమున్నది ఆడ? పందులే ఉన్నయి" అని నా చెయ్యి పట్టుకున్నది. నాకు ఆమె మీద కోపం రాలె. ఇప్పటికీ వస్తలేదు. కోపమొస్తె జర తేలికగుండేది.

అమ్మను నేను అడిగిన, నువ్వేమంటవని. "ఏమనాలె? చెల్లెను కోర్టుకు ఈడుస్తనా? మొగున్ని రోడ్డు మీద ఏస్తనా?" అన్నది. ఆ రోజు నుంచి ఆమె అన్నం ముంగట కూసుంటది గని తింటున్నట్టు అనిపియ్యదు. నా సగం ఉంటది గదా, అది నీదే గదా అని నాయినతోని అన్నది. ఆయన, "నీది నీదే. ఇంక నువ్వే పట్టాదారమ్మవు" అన్నడు. ఉత్తగనే అన్నడు. గని అప్పటి నుంచి అమ్మను అట్లనే పిలుస్తుండు. "పట్టాదారమ్మా, జర నీళ్ళు దే." ఒక్కొక్కసారి ఆమె నవ్వుతది. ఒక్కొక్కసారి చెంబు అక్కడ పెట్టి లోపలికి పోతది.

నాకే ఊకె ఉండబుద్ది గాలె. సదివిన గదా, ఏదన్న తొవ్వ దొరుకుతదని నాయినను తీస్కోని గద్వాల పోయిన, ఒక వకీలు కాడికి. ఆయన మంచోడే. అంత ఇన్నడు.

"ఇల్లరికం ఆచారాన్ని కోర్టులు ఒప్పుకోవని కాదమ్మా. గని కొన్ని కులాలకే పాత తీర్పులున్నయి. మీది అండ్ల లేదు. మీ కులంల ఆ ఆచారం తరతరాల నుంచి నడుస్తుందని మీరే సాక్ష్యం పెట్టి నిలబెట్టాలె. ఒప్పందమైననాడు ఉన్నోళ్ళు ఎంతమంది బతికున్నరు?"

"ఒక్కడు సార్" అన్నడు నాయిన. "ఆయనకు ఇనపడదు."

వకీలు పెన్ను మూత పెట్టి, "ఏండ్లు నడుస్తది. గెలుస్తరని చెప్పలేను" అన్నడు. ఎనక ఏదో యాదికొచ్చినట్టు, "పెద్దాయనా, నీ తండ్రి భూమి ఉంటది గదా రాజోలిల? ఇల్లరికం పోయినంత మాత్రాన పుట్టినింటి హక్కు పోదు. చట్టం ప్రకారం ఆడ నీకు భాగమున్నది" అన్నడు.

నా పానం లేసొచ్చింది. నాయిన దిక్కు సూసిన. ఆయన నవ్వుతుండు.

"అది నేనే రాసిచ్చొచ్చిన సార్."

"ఎందుకు రాసిచ్చినవు?"

"ఇల్లరికం పోయినోన్ని గదా సార్. ఆడ గూడ తింటె పద్ధతి గాదు."

బయటికొచ్చి కోర్టు మెట్ల మీద కూసున్నం. ఎదురుంగ చెరుకు రసం బండి గజ్జెలు మోగుతున్నయి. నాయిన చానసేపు ఆ చక్రాన్నే సూసిండు.

"ఆడ ఆచారం ప్రకారం పోయిన. నాది పాయె. ఈడ చట్టం ప్రకారం పోతున్నం. నాది పోతుంది. రెండు దిక్కుల నేను సక్కగనే నడిస్తి గదా బిడ్డా. మరి యాడ తప్పిన?"

నేను డిగ్రీల రాజనీతి సదివిన. హక్కుల మీద పరీక్షల పేజీలు పేజీలు రాసిన. "రసం తాగుతవా నాయినా?" అన్న. "వద్దు, పండ్లు జివ్వుమంటయి" అన్నడు.

పంచుకునే రోజు నాలుగు దిక్కుల పక్క చేండ్ల గెట్లోళ్ళు వచ్చిన్రు, సర్వేరు వచ్చిండు. మా దిక్కు పంపకాలకు ఒక పద్ధతున్నది. పెద్దోళ్ళు పంచాలె, చిన్నోళ్ళు కోరుకోవాలె. పంచెటోడే తీసుకుంటె మోసం జేస్తడని, పంచెటోనికి ఆఖరుకు మిగిలిందే. ఇక్కడ పెద్దది మా అమ్మ. ఆమె తరపున పంచెటోడు నాయిననే. ఆ చెల్కల ఏ మూల రాయి ఉన్నది, ఏ మూల తేమ ఆగుతది అన్నది ఆయనకు తప్ప ఎవరికి తెల్వదు గదా.

"బాయి ఉమ్మడిగ పెట్టుకోన్రి, నడిమిట్ల గీత కొట్టుకోన్రి" అన్నడు సర్వేరు.

నాయిననే ఒప్పుకోలె. "ఉమ్మడి బాయి అంటె రోజు లొల్లి సార్. మోటరు నీదా నాదా అని అక్కచెల్లెండ్లు మొఖాలు సూసుకోకుండ పోతరు. ఊర్ల ఎన్ని సూడలె!" అన్నడు. అని, ఆయనే రెండు భాగాలు చేసిండు. బాయి ఉన్న భాగం జర చిన్నగ పెట్టిండు. బాయి లేనిది పెద్దగ పెట్టిండు.

ఆయన లెక్క ఏందంటె, చిన్నమ్మ ఉండేది మన్ననూర్ దిక్కు. ఈడికొచ్చి మోటరు ఏసేది లేదు, ఎవుసం జేసేది లేదు. దూరమున్నోళ్ళు భూమి ఎక్కువొచ్చేదే కోరుకుంటరు. చిన్నది, బాయి ఉన్నది, మాకు మిగుల్తది. అమ్మతోని పొద్దుగాలనే చెవిల చెప్పిండు: "రాళ్ళ దిక్కు వాళ్ళకు పోనీ. నీళ్ళు మనకుంటె సాలు." ఎన్ని రోజుల ఎనకనో ఆయన మొఖంల జర ఎలుగు సూసిన ఆ పొద్దు.

చిన్నమ్మ రెండు భాగాలను సూసుకుంట చానసేపు నిలబడ్డది. చిన్నాయన ఆమె చెవిల ఏందో అన్నడు. ఆమె తల అడ్డంగ ఊపింది. ఆయన మళ్ళ అన్నడు. ఆమె నాయిన దిక్కు సూడకుంట, చెయ్యి చాపింది.

"బాయి దిక్కు."

బాయి మీద పిట్టలు గూళ్ళు కట్టుకున్నయి, వాటి అరుపొక్కటే. అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. నాయిన నిలబడ్డకాడనే నిలబడి, కాలితోని ఒక బెడ్డను అటు ఇటు కదిపిండు. "కోరుకున్నది గదా" అన్నడు ఎనక. "కోరుకున్నదే కాయం."

సర్వేరు గొలుసు పట్టి గీత గీయించిండు. ఇంక హద్దురాయి పాతాలె. "మంచి రాయి ఒకటి తేన్రి" అన్నడు.

నాయిన అల్లుని గుట్ట కాడికి పోయిండు. పైన రాళ్ళు కొన్ని కిందికి దొర్లిచ్చి, లోపలికెల్లి పలక లెక్కున్నది ఒకటి ఎంచిండు. మనిషి నడుమెత్తు ఉంటది. చిన్నాయన ఉరికిపోయి, "అన్నా, ఒక దిక్కు నేను పడ్త" అన్నడు. "వద్దు తమ్మీ, ఇది నాకు ఎరుకున్న రాయి. నీకు చేతులు కోసుకపోతయి" అని భుజం మీదికి ఎత్తుకున్నడు. ఆ చెల్కలకెల్లి బయటికి ఏసిన రాయిని మళ్ళ చెల్క నడిమిట్లకు మోసుకొచ్చిండు. తనే గుంత తవ్విండు. తనే పాతిండు. సుట్టూత మట్టి తొక్కిండు. ఎనకకు జరిగి ఒక కన్ను మూసి సూసి, "సక్కగ ఉన్నదా సార్?" అని అడిగిండు.

"సక్కగున్నది" అన్నడు సర్వేరు.

చిన్నమ్మ పోయేటప్పుడు, "బావా, నా దిక్కు గూడ నువ్వే కౌలుకు చేసుకో. ఇయ్యగలిగింది ఇయ్యి. నేనేమన్న బయటోళ్ళకు ఇస్తనా" అన్నది. మంచిగనే అన్నది. నాయిన, "నేను తవ్విన బాయికి నేను కౌలా?" అన్నడు. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలె. వాళ్ళు నెలరోజులు ఎదురు సూసి, సీడు పత్తి ఏసే ఒక బయటూరి ఆయనకు కౌలుకిచ్చిన్రు. వాళ్ళకు గూడ ఇల్లు గడవాలె.

మా దిక్కు బోరేస్తె దుమ్ము లేసింది. వానను నమ్ముకోని కంది, ఆముదం ఏసినం. మొలకప్పుడు మంచిగనే పడ్డది. పూతకొచ్చే యాళ్ళకు మొగులు మొఖం సాటేసింది. హద్దురాయికి ఆ దిక్కు పత్తి నడుమెత్తు పెరిగి పచ్చగ ఉన్నది. ఈ దిక్కు మా కంది పొద్దుగాలనే తలకాయ ఏలాడేస్తది. నాయిన రోజు పోయి రాయి కాడ కూసొని వస్తుండె. ఏం జేస్తవు ఆడ అని అమ్మ అడిగితే, "మోటరు సప్పుడు ఇంటున్న, పట్టాదారమ్మా. బేరింగు పోయేటట్టుంది, వాళ్ళకు తెల్వదు" అన్నడు.

నడుమ శ్రావణంల చిన్నమ్మ ఒక్కతే వచ్చిపోయింది. అమ్మ అన్ని మరిచినట్టే పీట ఏసి, పసుపు కలిపి, ఒడిబియ్యం తెచ్చింది. మొదటి దోసిలి నాయినది. ఆయన వచ్చిండు, పోసిండు. ఎప్పటి లెక్క నవ్వియ్యలె. చిన్నమ్మ తల ఎత్తి, "ఒక్క మాటన్న అను బావా. తిట్టన్న తిట్టు" అన్నది.

"ఒడి నిండింది గదా" అన్నడు నాయిన. "లే."

ఆమె ఆ బియ్యం మూట పట్టుకోని ఆటో ఎక్కింది. మళ్ళ రాలె. ఫోన్ జేస్తె ఎత్తుతది. వాళ్ళ పెద్దపిల్ల మంచి కాలేజిల చేరిందని చెప్పింది. సంతోషం. నిజంగనే సంతోషం. రేపు ఆ పిల్ల గూడ పాసైతది, నా లెక్కనే ఎగురుతది. ఆ ఎగురుడు కింద మా బాయి ఉన్నది. నా ఎగురుడు కింద గూడ అదే బాయి ఉండె.

ఇయ్యాల కాలేజిలకెల్లి బయటికొచ్చినంక వనపర్తి బస్టాండు కాడ చాయ తాగినం. నాయిన నా సర్టిఫికెట్ కవరు కింద పెట్టనిస్తలేడు, ఒళ్ళనే పట్టుకున్నడు. చాయ పోసేటాయనకు అడగకముందే చెప్పిండు. "నా బిడ్డ డిగ్రీ పాసైంది."

"మంచిగాయె పెద్దాయనా! ఏ ఊరు మీది?"

ఇన్నేండ్లు ఎవరడిగినా నాయిన మా ఊరి పేరు చెప్పుతుండె, గట్టిగ, ఇల్లరికం అని ఎవరన్న నవ్వుతరేమోనన్న జంకు గూడ లేకుంట. ఇయ్యాల గ్లాసు ఎత్తి ముందు ఒక గుక్క తాగిండు. రాజోలి అంటడా అనుకున్న. అది గూడ అనలె.

"పిల్లది ఇటిక్యాల దిక్కు" అన్నడు.

చాయ పోసేటాయన తల ఊపి వేరేటోళ్ళకు పోసెటందుకు తిరిగిండు.

బస్సుల నేను కిటికి కాడ కూసున్న. నాయిన పక్కన. ఎర్రవల్లి దగ్గర పడుతుంటే ఇంటికి పోయినంక ఎవరెవరికి సర్టిఫికెట్ సూపియ్యాలెనో నేను చెప్తున్న. పెద్దమనిషికి, మా బడి సారుకు, ఎక్కిరిచ్చిన పోరగాండ్లకు గూడ. నాయిన అన్నిటికి ఊ అంటుండు. ఎనక అన్నడు.

"ఇయ్యాల జల్దిన పండాలె బిడ్డా. పొద్దుగాలనే పోవాలె."

"యాడికి?"

"పత్తి పూలకు, పుప్పొడి అద్దెటందుకు. కౌలాయనకు మనుషులు తక్కువ పడ్డరంట. మేస్త్రి అడిగిండు, వస్త అన్న."

ఏ పత్తి అని నేను అడగలె. నేను అడగలేదని ఆయన గూడ సూసిండు. కవరు మీద దుమ్ము ఏం లేకున్నా అరచేతితోని తుడిచి, జాగ్రత్తగ నా చేతుల పెట్టిండు.

"నువ్వు పట్టుకో. నా చేతులు చెమట."